పైపుకు పైన

మొదటి రాత్రి నాకు కనిపించినవన్నీ చేపలే.
రెండో రాత్రీ అంతే.
మాకరేటా టార్చి నా చేతి నుంచి లాక్కుంది.
"వెలుగు మీద కుమ్మరించకు డెస్మండ్,
పక్కనుంచి పొయ్యి.
నిద్రలో ఉన్న పిల్లని చూడ్డానికి వెళ్ళినట్టు."

తారనాకి కొండ నుంచి సముద్రం దాకా
ఒక పూట నడక ఈ వాగు.
మోకాలి లోతు. ఫెర్నుల కింద చీకటి
నీళ్ళ కంటే చిక్కగా ఉంటుంది.

కోకొపుకి పొలుసులుండవు, అది మొదటి పాఠం.
ఒంటి మీద లేత చారలు నిలువుగా దిగితే ఒకటి.
బంగారు గోటిముక్కలు చల్లినట్టుంటే ఇంకొకటి.
కింది దవడ లోపలికి పోయి
కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసిన మొహంలా ఉంటే
మూడోది. "మా తాత!" అన్నాడు రేవి.
ఎనిమిదేళ్ళ మనవడు,
నేను తప్పు చెప్పినవన్నీ లెక్కపెట్టే ఉద్యోగం వాడిది.

మలుగులు రెండు రకాలు.
వీపు రెక్క, పొట్ట రెక్క ఇంచుమించు ఒకే చోట మొదలైతే పొట్టిరెక్కది.
వీపు రెక్క ముందే, తల వైపు చాలా ముందే మొదలై
ఒళ్ళు మెలిపెట్టినప్పుడు చర్మం
వదులైన మేజోడులా ముడతలు పడితే పొడుగురెక్కది.
పట్టుకుని చూడమంది.
పట్టుకున్నాను. అంటే, ఒక్క క్షణం.

వెండి పిల్లచేప ఒకటి వలలోకొస్తే
దాన్ని నా ముక్కు కింద పెట్టింది.
దోసకాయ! అప్పుడే కోసిన కీరా దోసకాయ!
పుస్తకంలో రంగులన్నీ ఉన్నాయి గానీ
ఈ వాసన ఏ పేజీలోనూ లేదు.
దాని పేరు పొరోహె.
ఇంట్లో సలాడు చేస్తుంటే ఇప్పుడు నాకు వాగు గుర్తొస్తుంది.

ఒకసారి విల్లో ఆకుని కోఆరో అన్నాను.
ముప్ఫై మూడు, అన్నాడు రేవి.
రాయిని మలుగన్నాను, నా నీడని కోకొపన్నాను,
ముప్ఫై తొమ్మిది. నలభై.
వేసంగి అంతా అలాగే గడిచింది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి మాత్రం
పేరు ముందొచ్చింది, చేప తర్వాత.
నోరు తెరిచి చెప్పలేదు. నాలో నేనే ఉంచుకున్నాను.

నిన్న రోడ్డు దాకా వచ్చాం.
రోడ్డు కింద సిమెంటు పైపు,
దాని మూతి నీటికి జానెడు ఎత్తున,
కింద నీరు తవ్విన గుంట.
గుంటలో ఈనంగా గుంపు
అందరి మూతులూ పైపు వైపే.
ఎగరలేవు, పాకలేవు,
అయినా వరస వదల్లేదు.
వేలెడంత కోఆరో పిల్ల మాత్రం
రెక్కలు తడిగోడకి అంటించి
బల్లిలా, ఆగి ఆగి, ఎక్కిపోయింది.

గట్టెక్కి రోడ్డు దాటాం.
పైపుకు పైన రెండు వందల గజాలు వెతికాం.
చారల కోకొపు, ఆరు. కోఆరో, నాలుగు.
పొడుగురెక్క మలుగు, ఒకటి, ముసలిది.
"ఈనంగా?"
లేదు.
"పొరోహె?"
లేదు.
"రాయి. లేదని కూడా రాయి."
రాశాను. పెన్సిలు ముక్కు విరిగింది,
చెక్కుకుని మళ్ళీ రాశాను.

"ఈ పైపు ఎవడు వేశాడో," అన్నాడు రేవి.

ఇరవై రెండేళ్ళ క్రితం, ఒక గురువారం.
కౌన్సిల్ రోడ్డు ముఠాలో నలుగురం.
మట్టం చూసింది నేనే.
ఆ రోజు పైపు మూతి నీటి మీదే ఉంది, ఒట్టు.
కింద నేల కోసుకుపోతుందని
ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.
టీ తాగాం. బిస్కట్ ముక్కలు నీళ్ళలో వేస్తే
చేపలేవో వచ్చి తిన్నాయి.
ఏ చేపలో ఆనాడు నాకు తెలీదు.

"నేనే," అన్నాను.

మాకరేటా టార్చి తిప్పింది.
నా మొహం మీద వేయలేదు,
బూట్ల పక్కన, రాళ్ళ మీద వేసింది.
చాలాసేపు నీళ్ళు మాత్రమే మాట్లాడాయి.
"మా చెల్లెలి కొడుకు ఆల్చిప్పల పెంపకంలో పని చేస్తాడు," అందామె.
"జూలు జూలుగా ఉండే తాళ్ళు అక్కడ బోలెడు.
పైపు లోంచి గుంటలోకి వేలాడదీస్తే
చిన్నవి పట్టుకుని ఎక్కుతాయంటారు.
ఆదివారం ఖాళీయేనా?"

తలూపాను.
వెనకనుంచి రేవి, మెల్లగా,
"నలభై ఒకటి."